బుల్లెట్

మా ఓనర్ వాళ్ళ చిన్నబ్బాయి ఒకే నెలలో రెండు బుల్లెట్లు తెచ్చాడు. ఒకటి నల్లరంగు బండి. రెండోది అట్టపెట్టెలో వచ్చింది. 2009 వానాకాలం అది. నేను తొమ్మిదో తరగతి.

అప్పుడు మేం దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక ఇంట్లో పై పోర్షన్‌లో అద్దెకుండేవాళ్ళం. నాన్న బ్యాంకు ఉద్యోగి. భీమవరం నుంచి ట్రాన్స్‌ఫర్ అయితే పెట్టేబేడా సర్దుకుని వచ్చేశాం. కింద ఓనర్లు. ఇంటి ముందు బండ్లు పెట్టుకునేంత జాగా, గేటు పక్కన ఒక జామచెట్టు. మా బాల్కనీలోంచి చెయ్యి చాస్తే పైకొమ్మ కాయలు అందేవి. చిన్నబ్బాయికి అప్పుడు పాతికేళ్ళుంటాయేమో. నేను అన్నా అని పిలిచేదాన్ని. డిగ్రీ మధ్యలో వదిలేసి భూముల బ్రోకర్ల వెంట తిరుగుతుండేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. నాకు సైకిల్ నేర్పింది ఆయనే. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత చెప్పేవి వింటే మీకు వేరే మనిషి కనిపిస్తాడు.

పెట్టె తెరిచి చూపించాడు. నలభై అయిదు రోజుల కుక్కపిల్ల. ఒళ్ళంతా తెలుపు, ఎడమ కంటి చుట్టూ మాత్రం టీ మరక లాంటి మచ్చ. పొట్ట గుండ్రంగా ఉబ్బి, ఎత్తుకుంటే పాలవాసన వేసేది. చెవులు రెండూ తమలపాకుల్లా ముందుకి వాలి ఉండేవి. "పిట్‌బుల్. అసలు లైన్. గీ గల్లీలోనే లేదు" అన్నాడు అన్న. పాతిక వేలట. నాన్న పైనుంచి విని నోరు తెరిచాడు. మా అద్దె నెలకు నాలుగున్నర వేలు.

మొదటి రెండు నెలలూ అది అందరి పిల్ల. బడి నుంచి రాగానే నా సాక్సులు లాగేది. అమ్మ కుక్కని మెట్లెక్కనిచ్చేది కాదు, వంటింట్లోకి దాని వెంట్రుకొకటి వచ్చినా ఊరుకునేది కాదు. కానీ సొట్ట పడిన అల్యూమినియం గిన్నె ఒకటి దానికోసం విడిగా పెట్టి, రోజూ మధ్యాహ్నం పెరుగన్నం మెత్తగా పిసికి నాచేత కిందకి పంపేది. అది గిన్నె నాకి నాకి గేటు దాకా తోసుకుంటూ పోయేది. ఆ చప్పుడుకి కింద ఆంటీ, "అగో, అయిపోయింది మీ అల్లుని భోజనం" అని నవ్వేది.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి దాని తలకి కట్టు కట్టి ఉంది. చెవులు సగం పైగా లేవు. మిగిలినవాటికి ఐస్‌క్రీమ్ పుల్లలు పెట్టి, నిటారుగా నిలబడేలా ప్లాస్టర్ చుట్టారు. ఎవరో కాంపౌండర్ ఇంటికే వచ్చి కోసిపోయాడట. మత్తు ఇచ్చాడో లేదో నేను అడగలేదు. ఆ మధ్యాహ్నం అరుపులు విన్నది అమ్మ. రాత్రి అన్నం తినలేదు, ఎందుకని అడిగితే కడుపులో బాలేదంది.

"ఎందుకన్నా కోశారు?"

"పిట్‌బుల్ అంటే గట్లనే ఉండాలె పాపా. చెవులు ఏలాడితే ఎవడు భయపడ్తడు?"

అసలు కారణం చాలా ఏళ్ళ తర్వాత చదివాను. కుక్కల పోట్లాటలో ఎదుటి కుక్కకి ముందు దొరికేది చెవి. పట్టు దొరక్కుండా ముందే కోసేసేవాళ్ళు. ఈ జాతుల పేర్లలో ఉన్న 'బుల్' కూడా ఊరికే వచ్చింది కాదు. ఇంగ్లండ్‌లో ఎద్దుని గుంజకి కట్టి దానిమీదికి కుక్కల్ని వదిలేవాళ్ళు, జనం చుట్టూ చేరి పందేలు కాసేవాళ్ళు. 1835లో అక్కడి పార్లమెంటు దాన్ని ఆపేసింది. ఎద్దు పోయింది కానీ పందెం పోలేదు. బుల్‌డాగ్‌ని టెర్రియర్‌తో కలిపి పుట్టించిన కుక్కల్ని గొయ్యిలాంటి గోదాల్లోకి దించి ఒకదానితో ఒకటి కొట్లాడించారు. పిట్ అంటే ఆ గొయ్యే. ఎవరి సరదా కోసమో అక్కడ మొదలైన కోత దిల్‌సుఖ్‌నగర్ జామచెట్టు కిందకి ఎలా నడిచొచ్చిందో చూడండి.

చెవులు మానాక గొలుసు వచ్చింది. కుక్కకి వేసే గొలుసు కాదు, లారీ వెనక తలుపుకి వేలాడుతుందే, అలాంటిది. బరువు మోస్తే మెడ లావెక్కుతుందని ఎవరో చెప్పారట. జామచెట్టు మొదలుకి చుట్టి కట్టారు. అది అటూ ఇటూ తిరిగినప్పుడల్లా గొలుసు ఒరుసుకుని చెట్టు బెరడు లేచిపోయింది, కొన్నాళ్ళకి లోపలి తెల్లచెక్క కనబడింది, ఏడాది తిరిగేసరికి చిటికెనవేలు పట్టేంత గాడి పడింది. గొలుసు అందినంత మేరా నేలమీద గడ్డి లేదు. పైనుంచి చూస్తే ఎవరో వృత్తలేఖినితో గీసినట్టు గుండ్రంగా ఎర్రమట్టి. దాని ప్రపంచం అంతే. తినడం, పడుకోవడం, ఒకటికీ రెంటికీ, అన్నీ ఆ గుండ్రంలోనే.

పక్కనే రేకుల షెడ్డు కింద ఇంకో బుల్లెట్, బండి. అన్న రోజూ పొద్దున్నే దాన్ని పసుపుగుడ్డతో తుడిచేవాడు. ఎండకి రంగు వెలుస్తుందని మధ్యాహ్నం టార్పాలిన్ కప్పేవాడు. ఏప్రిల్ ఎండలో బండి నీడన ఉండేది, కుక్క ఎండలో ఉండేది. ఇది నేను కథ కోసం కలిపి చెప్తున్న మాట కాదు. మా బాల్కనీలోంచి ఒక్క చూపులో రెండూ కనిపించేవి.

బాల్కనీలో కూర్చోడానికి నాకు టైమూ బోలెడు ఉండేది. ఉద్యమం రోజులు. ఇవాళ బంద్, రేపు బంద్. బడి ఉన్న రోజులకంటే లేని రోజులే ఎక్కువ గుర్తున్నాయి. సాయంత్రం అన్న స్నేహితులు వచ్చేవాళ్ళు. జామకొమ్మకి సైకిల్ టైరు వేలాడదీసేవాళ్ళు. బుల్లెట్ ఎగిరి దాన్ని పట్టుకుని గాల్లో వేలాడేది. ఎంతసేపు వదలకపోతే అంత మెచ్చుకోలు. "ఇడువకు! ఇడువకు బిడ్డా!" వాచీ చూసుకుని లెక్కపెట్టేవాళ్ళు. వదిలేస్తే పాత ట్యూబుతో ఒకటి తగిలేది. కోపం రావాలని ఎండుమిరపకాయ పొడి కలిపిన మాంసం పెట్టేవాళ్ళు. మిరపకాయలు తింటే కుక్కకి కడుపు మండుతుందే కానీ కోపం పెరగదని చెప్పేవాళ్ళు ఆ గుంపులో ఒక్కరూ లేరు. మండే కడుపుతో ఉన్నదాన్ని చూసి, చూశావా, ఎట్ల గుర్రుమంటుందో అని మురిసిపోయేవాళ్ళు.

నాకిదంతా మరీ కొత్త కాదు. సంక్రాంతికి మా అమ్మమ్మగారి ఊరు వెళ్తే మావయ్య పుంజుని పెంచే తీరు చూసేదాన్ని. దానికి బాదంపప్పు, మటన్ ఖీమా, గంట్లు. చెరువులో ఈత కొట్టించడం, వేడినీళ్ళ కాపడం. మా అత్తయ్యకి జ్వరమొచ్చినా అంత కంగారు పడేవాడు కాదు. భోగినాడు దాని కాలికే కత్తి కట్టి బరిలో దింపేవాడు. కోర్టులు ఏటా వద్దంటాయి, ఏటా జరుగుతాయి. ఒకసారి ఓడిపోయిన డేగపుంజుని సంచీలో వేసుకొచ్చి అత్తయ్య చేతికిచ్చి, ఎవరికీ కనపడకుండా దొడ్లో కూర్చున్నాడు. అది ప్రేమ కాదని నేననలేను. బుల్లెట్‌కి ఆ బాదంపప్పు కూడా దక్కలేదు. దానికొచ్చింది కత్తి ఒక్కటే.

నిజం చెప్పాలంటే మా ఇంట్లో మేమూ తక్కువ తినలేదు. వీధి చివర ఇంట్లో దొంగలు పడ్డప్పుడు అమ్మ నిశ్చింతగా అంది: "మన గేటు ఎవడు దాటుతాడు?" నేను ట్యూషన్ నుంచి రాత్రి వచ్చేటప్పుడు వెనకాల ఎవరైనా కుర్రాళ్ళు నడుస్తుంటే, మా గేటు దగ్గర కాస్త గట్టిగా "బుల్లెట్!" అని కేకేసేదాన్ని. అది లేచి గొలుసు లాగేది. వాళ్ళు పక్కకి జరిగేవాళ్ళు. నాకు గొప్పగా ఉండేది. లోపలికి రాగానే అదే కుక్క వెల్లకిలా పడుకుని పొట్ట చూపించేది, నిమరమని. నిమిరి పైకెళ్ళిపోయేదాన్ని.

2010 దీపావళి. అన్నా, స్నేహితులూ పేకాటకి ఎక్కడికో వెళ్ళారు. ఆంటీవాళ్ళు చుట్టాలింటికి. చీకటి పడ్డాక వీధిలో వెయ్యివాలాలు మొదలయ్యాయి. కాసేపటికి కింద గొలుసు చప్పుడు. మామూలుగా లాగే చప్పుడు కాదు, ఆగకుండా గలగలగల. నాన్న టార్చిలైటు తీసుకుని దిగితే నేనూ వెనక దిగాను. జామచెట్టు దగ్గర అది లేదు. గొలుసు బిగుసుకుని షెడ్డు వైపు పోయింది. లైటు వేస్తే బండి కింద ఉంది. అంత పెద్ద కుక్క, రెండు చక్రాల మధ్య సందులో ఎలా దూరిందో, మెడ పట్టీ కోసుకుపోతున్నా గొలుసు చివరిదాకా లాక్కుని, సైలెన్సర్ కింద తల పెట్టుకుని వణుకుతోంది. బండి కూడా దాంతోపాటు సన్నగా వణుకుతోంది. అద్దం మీద వీధిలైటు వెలుగు అదురుతుంటే తెలిసింది. కింద తడిగా ఉంది. భయంతో పోసేసుకుంది.

నాన్న కుక్కల్ని ముట్టుకునే మనిషి కాదు. గచ్చుమీద చతికిలబడి, ఏం చెయ్యాలో తెలియక, "ఏం లేదురా, టపాకాయలేరా" అన్నాడు. భీమవరంలో నాకు చెప్పినట్టే చెప్పాడు. అది పాక్కుంటూ వచ్చి, నాన్న కుడిపాదం మీద గడ్డం ఆనించింది. ఎంత బరువో ఆ తల! నాన్న కాలు తిమ్మిరెక్కినా కదపలేదు. పదకొండు దాటాక చప్పుళ్ళు సద్దుమణిగాయి. మేం పైకొచ్చేశాం. గొలుసు విప్పొచ్చని మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. తట్టినా విప్పేవాళ్ళం కాదేమో, మన కుక్క కాదుగా.

మర్నాడు పొద్దున్న అన్న బండి కింద తడి చూసి, టార్పాలిన్ పక్కనున్న ట్యూబు అందుకున్నాడు. నాన్న బాల్కనీలోంచి ఏదో అనబోయి ఊరుకున్నాడు.

ఆ తర్వాత వారంలో నాన్న బ్యాంకుకొచ్చే ఒక లాయరుగారిని అడిగి తెలుసుకొచ్చాడు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం. పదకొండో సెక్షన్. మరీ బరువైన, మరీ పొట్టి గొలుసుతో అదేపనిగా కట్టేసినా నేరమే. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని సరిగా తిప్పకపోయినా నేరమే. జంతువుల్ని పోట్లాటకి ఉసిగొల్పడమూ అందులోనే ఉంది. అన్నీ మా ఇంటి కింద జరుగుతున్నవే, చూసి రాసినట్టు. "శిక్షేంటండీ?" అంది అమ్మ. మొదటిసారికి పది రూపాయలకి తగ్గకుండా యాభై దాకా జరిమానా. నాన్న బ్యాంకు మనిషి కదా, ఆ అంకె విని నవ్వొచ్చింది ఆయనకి. తర్వాత నవ్వలేదు. అద్దెకున్నవాళ్ళం, పైగా రోజులు బాలేవు, ఎవరితోనూ మాట పెంచుకోకూడదని అప్పట్లో ఆయన రూలు. ఆ సంగతి అంతటితో అయిపోయింది.

కొన్ని శనివారాలు రాత్రిపూట జీపు వచ్చేది. బుల్లెట్‌ని వెనక ఎక్కించుకుని ఇబ్రహీంపట్నం వైపు ఫామ్‌హౌస్‌కి అని వెళ్ళేవాళ్ళు. ఆదివారం పొద్దున్న అది జామచెట్టు కింద మూతి వాచి పడుకుని ఉండేది. ఒకసారి పెదవి చీలి పళ్ళు బయటికి కనిపించాయి. అమ్మ పసుపు కాగితంలో పొట్లం కట్టి నాకిచ్చేది, దగ్గరికెళ్ళి అద్దమని. అద్దుతుంటే మంటకి కళ్ళు మూసుకునేది కానీ, నా చెయ్యి మీద ఒక్కసారీ పన్ను ఆనించలేదు. ఏం జరిగిందని ఆంటీని అడిగితే, "ఏమో, పిలగాండ్లు ఆడుకుంటరు" అనేది.

2011 ఎండాకాలంలో ఒక పొద్దున్న అన్న బండి బయటికి తీసి గేటు వెయ్యలేదు. గొలుసు కొక్కెం సరిగా పడలేదు. పేపరు వేసే కుర్రాడు సైకిల్ మీద వచ్చాడు. ఇంటర్ చదివేవాడు, నాకంటే ఏడాది పెద్ద. బుల్లెట్ వాడి మీదికి ఉరకలేదు. నేను పైనుంచి చూశాను, సైకిల్ చక్రం మీదికి ఉరికింది. ఏడాదిన్నరగా దానికి నేర్పిన పని అదొక్కటే కదా, టైరు పట్టు, వదలకు. వాడు భయపడి దాన్ని కాలితో తన్నాడు. టైరు బదులు పిక్క దొరికింది.

వదల్లేదు. అన్న వెనక్కి పరిగెత్తుకొచ్చి "ఇడువు! ఇడువు!" అని అరుస్తూ ట్యూబుతో బాదాడు. ఆ మాట దానికి ఎవరూ నేర్పలేదు. ఎంత కొడితే అంత బిగించింది. చివరికి పక్కింటాయన బకెట్ నీళ్ళు మొహాన కుమ్మరిస్తే ఊపిరాడక నోరు తెరిచింది. వాడి కాలు నేను సరిగా చూడలేదు. చూసింది గేటు ముందు పడిన పేపర్ల మీద మరకలు.

టీకాలు వేయించామని అన్న అన్నాడు. కార్డు చూపించమంటే లేదు. కుర్రాడికి నారాయణగూడ తీసుకెళ్ళి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మొత్తం అయిదు, నెలరోజుల మీద. పది రోజులు కుక్కని గమనించాలన్నారు. రేబిస్ ఉంటే ఆలోపు తేలిపోతుందని. ఆ పది రోజులూ ఇంట్లో ఒకటే టెన్షన్. క్యాలెండర్‌లో అమ్మ ఒక్కో రోజూ కొట్టేసేది. కింద ఎవరూ దాని దగ్గరికి వెళ్ళలేదు. నీళ్ళు కూడా పెట్టలేదు. అమ్మ ప్లాస్టిక్ బకెట్‌కి తాడు కట్టి, అందులో ఆ సొట్టగిన్నె పెట్టి, బాల్కనీలోంచి జామకొమ్మల మధ్యగా దించేది. అది తిని, బకెట్‌ వైపు తలెత్తి తోక ఊపేది. కుక్కని మెట్లెక్కనివ్వని మనిషి, పదో రోజు సాయంత్రం ఆ గిన్నెలో నెయ్యి వేసింది. "దీనికి జబ్బేం లేదు" అంది, తనే పరీక్ష చేసినట్టు.

పదకొండో రోజు పొద్దున్న జామచెట్టు కింద గొలుసు మాత్రమే ఉంది.

"ఫామ్‌హౌస్‌ల ఇడిసిపెట్టిన. గాడ మంచిగుంటది" అన్నాడు అన్న. ఏ ఫామ్‌హౌస్ అని అడగలేదు. అడగాల్సిన పని లేదు, మాకు తెలిసింది ఒక్కటే. పేపరు కుర్రాడి వాళ్ళకి ఎంతో ముట్టజెప్పారు, కేసు లేదు. దసరాకి రాట్‌వీలర్ పిల్ల వచ్చింది. ఆ పై సంవత్సరం నాన్నకి మళ్ళీ ట్రాన్స్‌ఫర్.

ఇప్పుడు నేను డాలస్‌లో ఉంటున్నాను. ఇక్కడ అపార్ట్‌మెంట్ అద్దెకి తీసుకుంటే చాలాచోట్ల చిన్న జాబితా ఒకటి చేతికిస్తారు, ఫలానా జాతుల కుక్కలు వద్దని. పిట్‌బుల్ దాదాపు ఎప్పుడూ అందులో ఉంటుంది. ఇల్లు మారాల్సొచ్చినవాళ్ళు కుక్కని తెచ్చి షెల్టర్‌లో వదిలేస్తారు. మా అమ్మాయి గొడవ చేస్తే ఒక శనివారం షెల్టర్‌కి తీసుకెళ్ళాను. వరసగా గదులు. గది తర్వాత గదిలో అవే వెడల్పు తలలు, అవే కళ్ళు. ఒకదాని చెవులు కోసేసి ఉన్నాయి. మా అమ్మాయి ముందుకెళ్ళిపోయింది. నేను అక్కడే ఉండిపోయాను.

అక్కడే తెలిసింది మైకేల్ విక్ సంగతి. పేరున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. 2007లో వర్జీనియాలో అతని ఇంటి దగ్గర కుక్కల పోట్లాటల శిబిరం బయటపడింది. యాభై దాకా పిట్‌బుల్స్ దొరికాయి. అతను జైలుకెళ్ళాడు, కుక్కల పోషణకి తొమ్మిది లక్షల డాలర్లపైన కట్టించారు. అలాంటి కుక్కల్ని అంతకుముందు మామూలుగా చంపేసేవాళ్ళట. ఈసారి ఒక్కోదాన్నీ విడివిడిగా పరీక్షించారు. చాలావాటికి ఇళ్ళు దొరికాయి. ఒకటైతే పిల్లలు బొమ్మల పుస్తకాలు చదువుతుంటే పక్కన కూర్చుని వినే పనికి కుదిరింది. బుల్లెట్ పుట్టకముందే జరిగిందిదంతా. మా వీధికి ఆ కబురు అందలేదు.

2024 మార్చిలో నాన్న ఫోన్ చేశాడు. "పిట్‌బుల్, రాట్‌వీలర్, మొత్తం ఇరవై మూడు జాతులు వద్దంటూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చిందమ్మా." మర్నెలలో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసిందని కూడా ఆయనే చెప్పాడు. రిటైరయ్యాక ఇలాంటివి వెతికి చదువుతున్నాడు. "జాతిని వద్దన్నారు సరే, ఆ యాభై రూపాయలు మాత్రం అలాగే ఉందిట" అన్నాడు. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు.

పోయిన చలికాలం ఆంటీ మనవరాలి పెళ్ళికి పిలిస్తే నాగోల్‌లో ఫంక్షన్ హాల్‌కి వెళ్ళాం. అన్న కాస్త ఒళ్ళు చేశాడు, జుట్టు పలచబడింది. నన్ను చూసి ఎంత సంతోషపడ్డాడో. దగ్గరుండి వడ్డించాడు, మా అమ్మాయికి ఐస్‌క్రీమ్ రెండుసార్లు తెచ్చిచ్చాడు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని ఫోన్ తీశాడు. "గిది చూడు చెల్లె, అమెరికన్ బుల్లీ. బెంగళూరు నుంచి తెప్పిచ్చిన." గచ్చుమీద కూర్చున్న బూడిదరంగు కుక్క, చెవులు సూదుల్లా నిలబడి ఉన్నాయి.

"మన బుల్లెట్ యాదికున్నదా?" అన్నాడు. గొంతు మెత్తబడింది. "ఏం కుక్క చెల్లె అది! అసొంటిది మళ్ళ దొరకలే."

"దీపావళికి మీ బండి కింద దూరి వణికింది, గుర్తుందా అన్నా?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. బొటనవేలు ఫోన్ మీద ఆగింది.

"బుల్లెటా? ఛ, అది కాదు, ఇంకేదో అయ్యుంటది. దానికి భయమన్నదే లేకుండె" అని ఇంకో ఫోటో చూపించాడు.